పోయిన ధైర్యం తిరిగి తెచ్చుకోవడం: ఒక బురద పందెం సంగతి

(మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు కార్యదర్శి గారు "ఆత్మవిశ్వాసం గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. ఆ మాట వింటే నాకు కొంచెం బెదురు. ఈమధ్య ఆత్మవిశ్వాసం గురించి చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. మైకు పట్టుకొని "నువ్వు చేయగలవు, నువ్వు చేయగలవు" అని గట్టిగా అంటారు. పిల్లలు చప్పట్లు కొడతారు. హాలు దాటి బయటికొచ్చి చెప్పులు వెతుక్కునేసరికి ఆ వేడి చల్లారిపోతుంది. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. లెక్క కళ్ళకు కనబడితే గాని నాకు నమ్మకం కుదరదు. అందుకని ఆత్మవిశ్వాసం గురించి విడిగా ఉపన్యాసం చెప్పను. మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక ఆట గురించి, ఆ ఆటలో వరసగా దెబ్బలు తిన్న ఒక కుర్రవాడి గురించి చెబుతాను.

దీనికి కారణం ఉంది. ట్రస్టు దరఖాస్తులు సరిచూసే పని మూడేళ్ళుగా నా దగ్గర ఉంది. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లలు రెండో ఏడాది రెన్యువల్‌కు రావాలి. కిందటేడు నలుగురు రాలేదు. ఇళ్ళకు కబురు పెడితే నలుగురిదీ ఒకటే సంగతి. ఏదో ఒక సబ్జెక్టు పోయింది. "ఫెయిలైనవాళ్ళకు ఎలాగూ ఇవ్వరు కదండీ, అందుకే రాలేదు" అన్నారు. అందులో ఒకమ్మాయి కాలేజీకి వెళ్ళడమే మానేసింది. పోయింది ఒక్క సబ్జెక్టు, ఆగిపోయింది మొత్తం చదువు. ఈ రెండింటికీ మధ్య ఏం జరుగుతోందో చెప్పడానికే ఈ సైకిలు కథ ఎత్తుకున్నాను.

ఆట పేరు సైక్లోక్రాస్. సైకిలు పందెమే గాని రోడ్డు మీద జరగదు. పొలం గట్లు, గడ్డి మైదానాలు, అడవి దారులు, ఇసుక, బురద, వీటన్నింటినీ కలిపి రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు ఒకటి గీస్తారు. ఇన్ని చుట్లు అని ముందుగా ఉండదు, ఇంత సేపు అని ఉంటుంది. పేరున్న మగవాళ్ళ పోటీ గంట సేపు, మామూలు ఉద్యోగస్తులు ఆదివారం సరదాగా ఆడేది 40 నిమిషాలు, ఆ చుట్టుపక్కల. దారిలో కావాలనే అడ్డంకులు పెడతారు. 40 సెంటీమీటర్ల ఎత్తున రెండు చెక్క పలకలు అడ్డంగా ఉంటాయి. అక్కడికి రాగానే పరుగులోనే సైకిలు దిగి, దాన్ని చేత్తో ఎత్తి, పలకలు దాటి, మళ్ళీ పరుగులోనే ఎగిరి సీటు మీద కూర్చోవాలి. మెట్లు వస్తే సైకిలును భుజాన వేసుకొని ఎక్కాలి. చక్రాల టైర్లు 33 మిల్లీమీటర్లకు మించి వెడల్పు ఉండకూడదు, అంటే మన పాత హెర్క్యులిస్ సైకిలు టైరు కంటే కూడా సన్నం. పైగా ఇదంతా చలికాలంలో, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మన గోదావరి వైపు వాళ్ళకు ఒక్క మాటలో చెప్పాలంటే, దమ్ము చేసిన చేలో సైకిలు తొక్కడం.

ఈ ఆట పుట్టింది ఫ్రాన్సులో. దానియెల్ గూసో అనే ఆయన 1902లో అక్కడ మొదటి జాతీయ పోటీ జరిపించాడు. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఒక్తావ్ లాపీజ్, చలికాలంలో ఈ బురద తొక్కబట్టే తనకు అంత సత్తువ వచ్చిందని చెప్పాడు. ఆ తరవాత ఇది బెల్జియం, హాలండు దేశాల్లో జనం ఊళ్ళకు ఊళ్ళు తరలివచ్చి చూసే ఆటైంది.

ప్రపంచ పోటీ మొదటిసారి 1950లో పారిస్‌లో జరిగింది. గెలిచినవాడు జాఁ రోబిక్. పొట్టివాడు. 1944లో పారిస్-రూబే పందెంలో పడి తల ఎముక చిట్లింది. ఆ కాలంలో సైకిలు పందెగాళ్ళు నెత్తిమీద గుడ్డ టోపీ తప్ప ఏమీ పెట్టుకునేవాళ్ళు కాదు. ఈయన మాత్రం ఆ దెబ్బ తరవాత తోలు శిరస్త్రాణం పెట్టుకొని దిగాడు. జనం "తోలు తల" అని పేరు పెట్టారు. నవ్వినా ఆయన తీయలేదు. 1947లో టూర్ ద ఫ్రాన్స్ ఆఖరి రోజున ముందుకు దూసుకుపోయి గెలిచాడు, అప్పటిదాకా ఒక్కరోజు కూడా పసుపు చొక్కా వేసుకోని మనిషి. నాకు ఆయనలో నచ్చింది ఆ టోపీయే. దెబ్బ తగిలిన చోటు తెలుసుకొని, దానికి ఏం చేయాలో అది చేసి, మళ్ళీ బరిలోకి వచ్చాడు. తగలనట్టు నటించలేదు.

సరే, మా ఇంటి కథకు వస్తాను. యానాం 1954లో ఫ్రెంచివారి పాలన నుంచి బయటపడిందని మీకు తెలుసు. 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చాక ఇక్కడి కొన్ని కుటుంబాలు ఫ్రెంచి జాతీయత ఎంచుకున్నాయి. మా చెల్లెలి అత్తవారు అలాంటివాళ్ళు. అందువల్ల మా మేనల్లుడు ఇప్పుడు ఫ్రాన్సు ఉత్తరాన, లిల్ నగరం దగ్గర ఉంటున్నాడు. ఒక గిడ్డంగిలో లెక్కలు చూసే ఉద్యోగం. తోటి ఉద్యోగి లాక్కెళ్ళగా 2021లో ఈ బురద ఆటలో చేరాడు. ఆటగాడు అని చెప్పుకునే స్థాయి కాదు, ఆదివారం పూట ఊరి పోటీల్లో వెనక వరసలో ఉండేవాడు. మా చెల్లెలు ఫోన్లో "అడుసు తొక్కనేల, కాలు కడగనేల రా?" అనేది. సామెత ఇంత నేరుగా సరిపోయిన సందర్భం నేను మరొకటి చూడలేదు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాది నుంచి మొదలయ్యాయి. 2022 అక్టోబరులో ఒక పోటీలో రెండో చుట్టులోనే పంక్చరు. తరవాతి పోటీలో మొదటి మలుపు దగ్గర ముందున్నవాడు పడితే వీడు వెళ్ళి వాడి మీద పడ్డాడు. గేర్లు మార్చే భాగాన్ని పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క విరిగింది, సైకిలు మోసుకుంటూ వెనక్కు వచ్చాడు. మూడోసారి పలకల దగ్గర, వెనక చక్రం పలకకు తగిలి భుజం మీద పడి కాలర్ బోను విరిగింది. ఆ సీజను అంతటితో సరి. 2023లో మళ్ళీ దిగాడు. వాన పడిన ఏటవాలు గట్టు మీద ఒకే పోటీలో మూడుసార్లు జారిపడ్డాడు. ఆ తరవాతి ఆదివారం ఏమీ కాలేదు. సైకిలు బాగుంది, ఒళ్ళు బాగుంది. అయినా మొదటి చుట్టు కాగానే పక్కకు వచ్చి దిగిపోయాడు. ఇంటికొచ్చి సైకిలును గ్యారేజీలో కొక్కేనికి తగిలించేశాడు.

ఆ నవంబరులోనే నేను వాళ్ళింటికి వెళ్ళాను. సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుంటే "నేను దీనికి పనికిరాను మావయ్యా" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఏడ్చేవాణ్ణి ఓదార్చవచ్చు. ఖాతా మూసేసినట్టు మాట్లాడేవాడితో ఏం చెబుతాం?

కామర్సు పిల్లలు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. మంచిది. బ్యాంకు రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ చదివారు కదా? మన క్యాష్‌బుక్కులో ఒక నిల్వ ఉంటుంది, బ్యాంకు పాసుబుక్కులో ఇంకొకటి. రెండూ కలవవు. కొత్తగా చేరిన గుమస్తా చెమటలు కక్కుతాడు, డబ్బు పోయిందనుకుంటాడు. పాతవాడు కంగారు పడడు. తేడాను ఒక్కొక్క పద్దుగా విడదీస్తాడు. ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు రాలేదు, ఇంత. బ్యాంకు చార్జీలు మనం రాసుకోలేదు, ఇంత. కూడిక తప్పు, ఇంత. అన్నీ రాశాక నిజంగా పోయింది ఎంతో తేలుతుంది. చాలాసార్లు అది మొదట భయపడినంత ఉండదు.

నాకు తెలిసిన విద్య అదొక్కటే కాబట్టి మావాడి చేత అదే చేయించాను. కాగితం మీద అయిదు అడ్డగీతలు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరి చేతిలో ఉంది, ఏం చేయవచ్చు. పంక్చరు ఎందుకైంది? బురదలో పట్టు కోసం ఈ టైర్లలో గాలి తక్కువ పెడతారు. రోడ్డు సైకిలుకు 80, 100 పౌన్లు కొడితే దీనికి 20, 30 మధ్యలో ఉంచుతారు. మావాడు ట్యూబు వేసిన టైరులో మరీ తగ్గించాడు, చెట్టు వేరు తగలగానే రిమ్ముకూ వేరుకూ మధ్య ట్యూబు నలిగి చిల్లు పడింది. మందు: గాలి కొలిచే సాధనం ఒకటి, ట్యూబు లేని టైర్లు. రెండోది, ముందువాడు పడటం. అది ఎవరి చేతిలోనూ లేదు. విరిగే ముక్క అదనంగా ఒకటి సంచీలో పెట్టుకోవడం వరకే మన పని. మూడోది, పలకలు. అది చేతనైతనం సంగతి, సాధనతో పోయేది.

నాలుగోది రాసేటప్పుడు మావాడే ఆగిపోయాడు. గట్టు మీద ఎందుకు జారాడు? పంక్చరు భయంతో ఆ రోజు గాలి 40 దాకా కొట్టాడట. గట్టి టైరు తడిగడ్డి మీద పట్టు వదిలేస్తుంది. అంటే పాత దెబ్బ భయమే కొత్త దెబ్బకు కారణం. అదొక్కటే కాదు. ఏటవాలులో జారతామేమోనని బ్రేకు నొక్కితే చక్రం కచ్చితంగా జారుతుంది. ఒళ్ళు బిగబడితే సైకిలు కింద కదిలే వీలు ఉండదు. పడతామనుకున్న చోటునే కళ్ళు చూస్తుంటే చక్రం కూడా అక్కడికే పోతుంది. సైకిలు నేర్చుకునేటప్పుడు రోడ్డంతా ఖాళీగా ఉన్నా ఉన్న ఒక్క కరెంటు స్తంభాన్నే గుద్దినవాళ్ళు ఈ హాల్లో కొందరైనా ఉంటారు, వాళ్ళకు ఇది తెలుసు. ధైర్యం పోవడం అంటే మనసులో ఏదో దిగులు మాత్రమే కాదు, అది చేతుల్లోకి, బ్రేకు లివర్లోకి దిగి పనిచేస్తుంది.

పిల్లలూ, ఇది మీ దగ్గర ఎలా జరుగుతుందో చెబుతాను, అవునో కాదో మీరే చూసుకోండి. ఇక్కడి నుంచి పుదుచ్చేరి కాలేజీకి వెళతారు. 800 కిలోమీటర్లకు పైనే దూరం. చుట్టూ తమిళం, క్లాసులో ఇంగ్లీషు. మొదటి సెమిస్టరులో లెక్కల సబ్జెక్టు ఒకటి పోతుంది. రెండో సెమిస్టరులో వెనక బెంచీకి మారతారు. సందేహం వచ్చినా అడగరు, "ఇది కూడా తెలీదా" అంటారేమోనని. లెక్చరరు ఎదురొస్తే పక్కదారి పడతారు. పోయిన సబ్జెక్టు పుస్తకం తెరవాలంటేనే చిరాకు, కాబట్టి తెరవరు. రెండోసారీ పోతుంది. అప్పుడు "నాకు బుర్ర లేదు" అని తేల్చేసుకుంటారు. బుర్ర సంగతి తరవాత చూద్దాం. ముందు మీరు గట్టు మీద బ్రేకు నొక్కుతున్నారు.

మావాడి కాగితంలో అయిదోది ఖాళీగా ఉండిపోయింది. "ఏమీ కాలేదు, దిగిపోయాను" అని రాశాడు. కారణం గడిలో ఏమీ రాయలేదు. మొదటి నాలుగింటినీ కలిపి ఒకే మూటగా మోసుకొచ్చి ఆ రోజు దించాడు, అంతే అనుకుంటున్నాను.

ఈ విషయం మీద పెద్ద పరిశోధన చేసిన ఆయన ఒకరున్నారు. ఆల్బర్ట్ బందూరా అని, కెనడాలో పుట్టి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పినవారు. "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం మనిషికి ఎక్కడినుంచి వస్తుందో 1977లో ఒక వ్యాసంలో రాశారు. నాలుగు దారులు చెప్పారు. తాను స్వయంగా చేసి నెగ్గడం. తనలాంటివాడు నెగ్గడం చూడడం. ఇతరులు నచ్చజెప్పడం. ఒంట్లో కలిగే గుండెదడ, చెమట వంటివాటిని తాను ఎలా అర్థం చేసుకుంటున్నాడన్నది. వీటిలో మొదటిదే అన్నింటికంటే గట్టిదన్నారు. మాటలతో వచ్చిన నమ్మకం బలహీనం, మొదటి దెబ్బకే కొట్టుకుపోతుంది. మైకు పట్టుకొని అరిచేవాళ్ళ మీద నాకు గురి లేకపోవడానికి ఇంత పెద్దాయన వత్తాసు దొరకడం నాకు సంతోషమే.

మరి పోటీలో ఓడుతున్నవాడు స్వయంగా నెగ్గడం ఎలా? నెగ్గేంత చిన్నదిగా పనిని కోయాలి. మావాడి క్లబ్బులో బేకరీ నడిపే ఒకావిడ ఉన్నారు, యాభై దాటినావిడ. అంతకు ముందేడు అవే పలకల దగ్గర పడి ఆవిడకు మణికట్టు విరిగిందట. ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. పలకను నేల మీద పడుకోబెట్టాలి. దాని ముందు సైకిలు మీద నడక వేగంతో వచ్చి, కుడికాలు వెనక నుంచి తిప్పి ఎడమవైపు దిగి, దాటి, మళ్ళీ ఎక్కాలి. పదిసార్లు తడబడకుండా వచ్చాక పలకను ఒక ఇటుక మీద నిలబెట్టాలి. మళ్ళీ పది. తరవాత 20 సెంటీమీటర్లు. తరవాత 40. ఏ మెట్టు దగ్గరైనా రెండుసార్లు తడబడితే ఒక మెట్టు కిందికి దిగాలి, సిగ్గుపడకూడదు. ఇంటి వెనక పెరట్లో మావాడు మూడు వారాలు ఇదే పని చేశాడు. నేను మంకీ క్యాపు పెట్టుకొని, అరువు తెచ్చుకున్న రబ్బరు బూట్లలో నిలబడి టిక్కులు పెట్టాను. చలికి పెన్నులో ఇంకు కదిలేది కాదు, పెన్సిలు వాడాను. నోటుబుక్కులో ఆ టిక్కులు రోజురోజుకూ పెరగడం వాడు చూశాడు. నేను పొగిడిన పొగడ్తలకంటే ఆ నోటుబుక్కు మాట వాడు ఎక్కువ నమ్మాడు.

నేల మీద పడుకోబెట్టిన పలక దాటడం చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఇంజనీరింగు చదివేవాడు ఇంటర్మీడియట్ పుస్తకం తీసి మళ్ళీ డిఫరెన్షియేషను మొదటి అభ్యాసం చేయాలంటే అలాగే నామోషీగా ఉంటుంది. చేసినవాళ్ళకు తెలుస్తుంది. రోజుకు అయిదు లెక్కలు, మీకు కచ్చితంగా వచ్చేవి మూడు, కొంచెం కష్టమైనవి రెండు. ఇలా నెల రోజులు చేసి, తేదీ వేసిన పుస్తకం నాకు చూపించిన పిల్లలు మన ట్రస్టులోనే ఇద్దరున్నారు. పేర్లు చెప్పను, వాళ్ళకు ఇష్టం ఉండదు.

2024 జనవరిలో మావాడు మళ్ళీ పోటీకి పేరిచ్చాడు. పెద్ద పోటీకి కాదు, పక్క ఊళ్ళో చిన్నదానికి. ముందురోజు రాత్రి నోటుబుక్కులో మూడు లక్ష్యాలు రాసుకున్నాడు. పోటీ ముగిసేదాకా దిగకూడదు. ప్రతి చుట్టులో పలకలు శుభ్రంగా దాటాలి. ఏటవాలులో బ్రేకు ముట్టకూడదు. ఎన్నో స్థానం అనే గడి నేనే కొట్టేశాను. స్థానం అనేది పక్కవాళ్ళు ఎంత వేగంగా తొక్కుతారనేదాని మీద ఆధారపడుతుంది, దాన్ని మన ఖాతాలో ముందే ఎలా రాసుకుంటాం?

పొద్దున్నే పోటీ గీత దగ్గర నిలబడ్డప్పుడు వాడి చేతులు వణుకుతున్నాయి. అది చలివల్లా భయంవల్లా అని నేను అడగలేదు. వాడే అన్నాడు, "గుండె ఎప్పుడూ ఇలాగే కొట్టుకుంటుంది మావయ్యా, బాగా తొక్కిన రోజున కూడా ఇలాగే కొట్టుకుంది" అని. బందూరా నాలుగో దారి ఇదే. పరీక్ష హాలు గుమ్మం దగ్గర గుండెదడ వస్తే అది ఫెయిలవుతామనడానికి గుర్తు కాదు. ఫస్టు క్లాసువాడికీ వస్తుంది, వాడు చెప్పుకోడు.

ఆ రోజు గెలిచినతను ఆరు చుట్లు తిరిగాడు, మావాడు అయిదు. పెద్ద పోటీల్లో అయితే అంత వెనకబడినవాణ్ణి మధ్యలోనే తప్పిస్తారు, ఊరి పోటీల్లో పాపం ఆఖరిదాకా తొక్కనిస్తారు. మూడో చుట్టులో గట్టు మీద ఒకసారి పడ్డాడు. లేచాడు. ముఖం కనబడనంత బురదతో ముగింపు గీత దాటి, ఊపిరి ఆడకుండానే చేతివేళ్ళు అయిదూ చూపించి "పలకలు, అయిదుకు అయిదు" అన్నాడు. స్థానం 47. ఇంటికొచ్చి గట్టు దగ్గర పడ్డ సంగతి తానే నోటుబుక్కులో రాసుకున్నాడు, పక్కన కారణం కూడా రాశాడు. కారణం గడి ఖాళీగా వదలలేదు. నాకు ఆ రోజు కనబడిన మార్పు అది. ఇప్పటికీ ఆడుతున్నాడు. కిందటి సీజనులో ఒక్కసారి మాత్రం సగం మందికి ముందు వచ్చాడు. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఊరి పోటీల మాటే చెబుతున్నాను గాని, ఈ ఆటలో శిఖరాన ఉన్నవాళ్ళ కథ కూడా వేరుగా ఉండదు. బెల్జియానికి చెందిన వౌట్ వాన్ ఆర్ట్ 2016, 2017, 2018లో వరసగా మూడుసార్లు సైక్లోక్రాస్ ప్రపంచ విజేత. 2019 జూలై 19న టూర్ ద ఫ్రాన్స్‌లో పో అనే ఊళ్ళో పక్కన కట్టిన ఇనుప కంచెకు తగిలి పడ్డాడు, తొడ కండరం లోతుగా చీలింది. ఆపరేషను అయింది, మళ్ళీ నడవడం దగ్గర్నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. అయిదు నెలలు దాటాక, డిసెంబరు 27న లూన్‌హౌట్‌లో బురద పోటీకి దిగి అయిదో స్థానంలో వచ్చాడు. మూడుసార్లు ప్రపంచ విజేతకు అయిదో స్థానం! ఆయన దాన్ని చిన్నతనంగా భావించి ఉంటే అక్కడే ఆగిపోయేవాడు. 2020 ఆగస్టు 1న ఇటలీలో స్త్రాదె బియాంకె గెలిచాడు, ఆగస్టు 8న మిలాన్-సాన్‌రేమో గెలిచాడు. 2025లో మావాడి ఊరికి దగ్గర్లోనే లియెవాఁ పట్టణంలో ప్రపంచ పోటీలు జరిగితే మావాడు వెళ్ళి చూశాడు. అందులో మాత్యూ వాన్ డెర్ పూల్ గెలిచి, ఎరిక్ డి వ్లామింక్ పేరు మీదున్న ఏడు విజయాల రికార్డును సమం చేశాడు. వాన్ ఆర్ట్ రెండోవాడుగా వచ్చాడు. మావాడు ఫోన్లో నాకు గెలిచినవాడి గురించి చెప్పలేదు, రెండోవాడి గురించే అరగంట చెప్పాడు.

తల్లిదండ్రులతో రెండు మాటలు. సబ్జెక్టు పోయిందని పిల్లవాడు చెప్పిన రోజున మనం సాధారణంగా మూడు పనులు చేస్తాం. ఒకటి, ఎదురింటి అబ్బాయి పేరు ఎత్తుతాం. రెండు, ఎంత ఖర్చు పెట్టామో లెక్క చెబుతాం. మూడు, కొంచెం చదువుకున్న తల్లిదండ్రులమైతే "ఫర్వాలేదు నాన్నా, నువ్వు చాలా తెలివైనవాడివి" అంటాం. మొదటి రెండూ తప్పని మీకు తెలుసు. మూడోదాని గురించి ఆలోచించండి. తెలివైనవాడివని చెప్పాక మళ్ళీ ఫెయిలైతే ఆ పిల్లవాడు మనకు మొహం ఎలా చూపిస్తాడు? దానికి బదులు మార్కుల కాగితం తెప్పించుకోండి. ఏ ప్రశ్నలు రాయలేదు, టైము చాలక రాయలేదా, పాఠం రాక రాయలేదా, ప్రశ్న ఇంగ్లీషు అర్థం కాక రాయలేదా అని అడగండి. మీకు ఆ సబ్జెక్టు రాకపోయినా ఈ ప్రశ్నలు అడగవచ్చు. మా చెల్లెలికి సైకిలు తొక్కడమే రాదు. అయినా ఆ జనవరి నుంచి ఫోన్లో సామెత మానేసి "ఈ వారం పలకలు ఎన్నిసార్లు?" అని అడగడం నేర్చుకుంది.

ఇక ట్రస్టు సంగతి. ఫెయిలైనవాళ్ళకు రెన్యువల్ ఇవ్వకూడదన్న నియమం మంచి ఉద్దేశంతోనే పెట్టారు, దాతల డబ్బుకు జవాబుదారీ ఉండాలి. కాని రెన్యువల్ ఆగిపోతే పిల్లవాడు ఆ ఆగిపోవడాన్ని డబ్బు లెక్కగా చూడడు, పెద్దలు తన మీద రాసిన తీర్పుగా చూస్తాడు. ఈ మాట కమిటీలో చెప్పాను. చర్చ జరిగింది, అందరూ ఒప్పుకోలేదు. నా మాటకు ఎదురు చెప్పినవారి వాదనలోనూ బలం ఉంది, దరఖాస్తుదారులు ఎక్కువ, నిధి తక్కువ. చివరికి తేలింది ఇది. ఈ ఏడాది నుంచి ఒక సబ్జెక్టు మిగిలినవాళ్ళు కూడా రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సగం మొత్తం ఇప్పుడు ఇస్తారు, సప్లిమెంటరీలో ఆ సబ్జెక్టు పాసైన మార్కుల కాగితం తెచ్చాక మిగతా సగం ఇస్తారు. దరఖాస్తుతో పాటు ఒక తెల్ల కాగితం మీద ఆ సబ్జెక్టు ఎందుకు పోయిందో, ఇప్పుడేం చేస్తున్నారో పిల్లలే సొంతంగా, తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి జతచేయాలి. తండ్రులు రాసివ్వకూడదు, చేతిరాత నాకు తెలిసిపోతుంది. రెండు సబ్జెక్టులు, అంతకుమించి మిగిలినవాళ్ళ విషయం ఒక్కొక్కటిగా చూస్తామన్నారు, అది మాత్రం ఇంకా తేలలేదు.

కిందటేడు రాని నలుగురిలో ముగ్గురి తల్లిదండ్రులు ఈ రోజు ఈ హాల్లో కూర్చున్నారు. కాలేజీ మానేసిన అమ్మాయి వాళ్ళమ్మగారు కూడా వచ్చారు. అమ్మా, మీ అమ్మాయి ఫారం నా దగ్గర విడిగా పెట్టి ఉంచాను. గుమ్మం పక్కన మూలగా ఉన్న బల్ల దగ్గర సభ అయ్యాక ఒక గంట సేపు నేను ఉంటాను. మార్కుల కాగితం జిరాక్సు తెచ్చుకున్నవాళ్ళు ముందు రండి, తేనివాళ్ళు కూడా రావచ్చు.